నాలుగు క్లిక్కులు

"ముందు మీరు కళ్ళు చూపించుకోండి. తర్వాత నా సైకిల్ చూద్దురుగాని."

మా షాపులో అడుగుపెట్టిన రెండు నిమిషాలకే ఆ అమ్మాయి నాతో అన్న మాట ఇది. అప్పటికి నేను ఆమె మౌంటెన్ బైక్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఫోర్క్‌కి గాలి పంపు తగిలించి, మీటరులో ముల్లు ఎక్కడుందో చూస్తున్నాను. చూడటం అంటే ఎడమ కన్ను మూసి, కుడి కన్ను చికిలించి, మెడ ఓ పక్కకి వంచి చూడటం. పదేళ్ళుగా అలాగే చూస్తున్నాను. ఎవరూ ఏమీ అనలేదు.

"ఎంతుంది?" అని అడిగింది.

"డెబ్భై."

ఆమె వంగి చూసింది. "అరవై నాలుగు."

"మీటర్లు కాస్త అటూ ఇటూగా ఉంటాయండీ."

"మీటరు సరిగ్గానే ఉంది. మీరే అటూ ఇటూగా ఉన్నారు."

వెనక బల్ల దగ్గర చక్రం సరిచేస్తున్న బాబాయ్ పకపకా నవ్వాడు. షాపు ఆయనది. పని నేర్పిందీ ఆయనే. సమయం సందర్భం లేకుండా నవ్వడం మాత్రం ఇప్పటికీ మానుకోలేదు.

"ఈ అమ్మాయి మన వీధి చివర కళ్ళజోళ్ళ షాపులో పని చేస్తుందిరా. కళ్ళు పరీక్ష చేసేది, అద్దాలు అరగదీసేది తనే. ఆమెతో పెట్టుకోకు," అన్నాడు.

పెట్టుకోలేదు. పంపు మీటరు ఆమె వైపు తిప్పి, "మీరే చదవండి. నేను కొడతాను," అన్నాను. పని అలా మొదలైంది.

ఈ సైకిళ్ళ సంగతి తెలియనివాళ్ళకి ఒక్క మాట చెప్పాలి. ఫోర్క్ అంటే ముందు చక్రాన్ని అటూ ఇటూ పట్టుకుని ఉండే రెండు కాళ్ళు. కొండ సైకిల్‌కి ఆ కాళ్ళు రాయి తగిలితే లోపలికి దిగుతాయి, దాటాక మళ్ళీ లేస్తాయి. ఎంత దిగాలన్నది లోపలి గాలి చూసుకుంటుంది. ఎంత త్వరగా లేవాలన్నది అడుగున ఉండే ఎర్ర నాబ్ చూసుకుంటుంది. నాబ్‌ని ఒక్కో గాటు తిప్పితే ఒక్కో 'క్లిక్' వినిపిస్తుంది. బిగించేకొద్దీ ఫోర్క్ నెమ్మదిగా లేస్తుంది, తెరిచేకొద్దీ త్వరగా. మనిషి మారితే ఈ లెక్కలన్నీ మారతాయి. పిండి కొద్దీ రొట్టె.

ఆమె ఎవరి దగ్గరో వాడిన సైకిల్ కొంది. అమ్మినవాడు ఆమెకి రెండింతలు ఉండి ఉంటాడు, ఫోర్క్ ఇనప గునపంలా ఉంది.

"హెల్మెట్, బూట్లు, మోకాళ్ళ ప్యాడ్లు, నీళ్ళ బ్యాగు, అన్నీ వేసుకుని ఎక్కండి," అన్నాను.

"షాపులోనా?"

"కొండ మీద వాటన్నిటితోనే దిగుతారు కదా. ఫోర్క్ మోసేది వాటితో కలిపే."

అన్నీ తగిలించుకుని వచ్చింది. నేను ముందు చక్రాన్ని మోకాళ్ళ మధ్య బిగించి, హ్యాండిల్‌ని రెండు చేతులా పట్టుకున్నాను. ఆమె పెడల్స్ మీద నిలబడి, దిగేటప్పుడు వంగినట్టే కాస్త ముందుకి వంగింది. ఇది రోజుకి నలుగురికి చేసే పనే. కానీ ఆ నలుగురిలో ఎవరి మొహమూ ఇంత దగ్గర నుంచి చూడాల్సినదిగా అనిపించలేదు. నేను హ్యాండిల్ చూశాను, గోడ మీద రెంచీలు చూశాను, బాబాయ్ చెప్పులు చూశాను.

"ఎక్కడ చూస్తున్నారు?"

"ఫోర్క్."

"ఫోర్క్ కిందుంది."

దిగాక రబ్బరు రింగు చూశాం. ఫోర్క్ కాలికి ఓ సన్నని రింగు ఉంటుంది, ఫోర్క్ దిగినంత మేరా పైకి జరిగి అక్కడే ఆగిపోతుంది. ఎంత దిగిందో అబద్ధం చెప్పకుండా చూపించే సాక్షి అది. ముప్పై మిల్లీమీటర్లు దిగాలి. పన్నెండే దిగింది. గాలి తీశాం, మళ్ళీ ఎక్కింది, ఇరవై నాలుగు. ఇంకాస్త తీశాం. నాలుగోసారికి రింగు ముప్పై దగ్గర ఆగింది. తర్వాత ఎర్ర నాబ్‌ని పూర్తిగా బిగించి, అక్కణ్ణుంచి తెరుస్తూ లెక్కపెట్టాను. ఎనిమిది క్లిక్కులు.

ఆమె బ్యాగులోంచి చిన్న నోట్‌బుక్ తీసి రాసుకుంది.

"ఎందుకండీ రాసుకోవడం? నాకు గుర్తుంటుందిగా."

"మా పనిలో రాయనిది ఉన్నట్టు కాదు. అద్దంలో పావు పాయింటు తేడా వస్తే మనిషికి మెట్లు వంకరగా కనిపిస్తాయి. ఎవరో ఒకరు కింద పడతారు."

అప్పుడే చెప్పింది, తను ఈ సైకిల్ ఎందుకు కొందో. ఊరి బయట కొండ మీద ఏటా పోటీ జరుగుతుంది. దారి మధ్యలో మూడు రాతి మెట్లు ఉంటాయి, ఒక్కోటి మోకాలెత్తు, వెంటవెంటనే. పోయినేడు రెండో మెట్టు మీద పడి భుజం ఎముక విరగ్గొట్టుకుంది.

"ఈసారి కాలు కింద పెట్టకుండా దిగాలి. గెలవడం అదీ ఏం లేదు. ఆ మూడు మెట్లు దిగితే చాలు."

"దిగకపోతే?"

"మళ్ళీ పడితే సైకిల్ అమ్మేస్తానని నాన్నకి మాటిచ్చాను. మా ఇంట్లో మాట ఇస్తే ఇచ్చినట్టే."

ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం ఆమె నవ్వలేదు.

*

మర్నాడు మధ్యాహ్నం వాళ్ళ షాపుకి వెళ్ళాను. బాబాయ్ తరిమితే వెళ్ళానని చెప్పుకున్నాను. బాబాయ్ తరమలేదు.

ఆమె నన్ను చీకటి గదిలో కుర్చీలో కూర్చోబెట్టి, ముక్కు మీద బరువైన ఇనప చట్రం పెట్టింది. అందులో ఒక్కో అద్దం వేస్తూ, తీస్తూ అడిగింది.

"ఇది బావుందా?" టక్. "ఇది బావుందా?"

"రెండూ బావున్నాయి."

"మొహమాటం వద్దు. ఇది పెళ్ళిభోజనం కాదు. మొదటిదా, రెండోదా, రెండూ ఒకేలా ఉన్నాయా? మూడే జవాబులు."

"రెండోది."

"ఇప్పుడు? మొదటిదా, రెండోదా?"

"మీకు తెలిసే ఉంటుందిగా, ఏది సరైందో?"

"నాకు తెలిసినా నేను చెప్పకూడదు. చూసేది మీ కళ్ళు. నేను అద్దాలు మారుస్తాను, అడుగుతాను. ఒకసారికి ఒక్కటే మారుస్తాను. అంతే నా పని."

వారానికి కళ్ళజోడు వచ్చింది. పెట్టుకుని తలెత్తి చూస్తే ఆమె ఎడమ కనుబొమ్మ చివర చిన్న మచ్చ కనిపించింది. ఇన్నాళ్ళూ అది అక్కడే ఉందా అని ఆశ్చర్యపోయాను.

"ఎలా ఉంది?" అంది.

"చాలా బావుంది."

"కళ్ళజోడు గురించి అడిగాను."

"నేనూ దాని గురించే చెప్పాను."

"అయితే అద్దంలో చూసుకుని చెప్పాలి. నన్ను చూసి చెప్తారేంటి?" అంటూ బిల్లు పుస్తకం వెతుక్కుంది. పుస్తకం ఆమె చేతిలోనే ఉంది.

ఆ తర్వాత ఆమె ప్రతి శనివారం కొండకెళ్ళి దిగి రావడం, వస్తూ షాపు దగ్గర ఆగడం అలవాటైంది. వచ్చి రింగు చూపిస్తుంది, నోట్‌బుక్ చదువుతుంది, ఏ రాయి దగ్గర చేతులు అదిరాయో చెప్తుంది. నేను ఓ క్లిక్ మార్చి ఇస్తాను. మళ్ళీ మొదటికే వచ్చి ఎనిమిది దగ్గరే ఆగేవాళ్ళం. ఓ శనివారం వాన పట్టుకుంది. షాపు ముందు రేకు కింద ఇద్దరం, మధ్యలో సైకిల్. వాన సగం రేకు మీద పడుతోంది, సగం నా వీపు మీద.

"ఇటు జరగొచ్చుగా," అంది.

"సైకిల్ తడుస్తుంది."

"సైకిల్ తడవడానికే పుట్టింది. జరగండి."

జరిగాను. వాన తగ్గడానికి గంట పట్టింది. నాకైతే తొందరగా తగ్గిందనిపించింది.

ఆ గంటలోనే ఆమె ఫోన్ తీసి పోయినేడు పడిన వీడియో చూపించింది. ఎవరో స్నేహితురాలు తీసింది. ఆమె నవ్వుతూనే చూపించింది. "చూడండి, సంచిలా ఎలా ఎగిరానో!"

కొత్త కళ్ళజోడు పెట్టుకుని ఉన్నాను కదా, అన్నీ స్పష్టంగా కనిపించాయి. మొదటి మెట్టు. రెండో మెట్టు. ఫోర్క్ ఒక్కసారి పైకి తన్నడం, హ్యాండిల్ మీదుగా మనిషి. కాసేపు కదలకుండా పడి ఉండటం. ఆ కాసేపు ఫోన్‌లో నాలుగు సెకన్లే. నేను నవ్వలేకపోయాను.

*

పోటీకి పది రోజులు ఉందనగా వాళ్ళ నాన్న వచ్చారు. బస్సు డ్రైవరు. ఖాకీ చొక్కా, జేబులో పెన్ను, నిలువెత్తు మనిషి. ఆమె సైకిల్ ఆ రోజు కడగడానికి మా దగ్గరే ఉంది.

"బాబూ, నీతో ఓ మాట," అన్నారు మెల్లగా. "అమ్మాయికి తెలియకూడదు."

"చెప్పండి సార్."

"ఈ సైకిల్‌కి ఏదో ఒకటి బిగించెయ్యి. మరీ వేగంగా పోకుండా, ఎగరకుండా. నీకు తెలుస్తుంది కదా ఎక్కడ బిగించాలో. ముప్పై ఏళ్ళుగా బస్సు నడుపుతున్నా. వెనక సీటులో ముసలమ్మకి కూడా కుదుపు తెలియనివ్వలేదు. నా కూతురేమో కుదుపుల కోసం వెతుక్కుంటూ కొండెక్కుతుంది. పోయినసారి ఆస్పత్రిలో దాన్ని చూశాక, నెలరోజులు నాకు బ్రేకు మీంచి కాలు తియ్యబుద్ధి కాలేదు."

రోలు వెళ్ళి మద్దెలతో మొర పెట్టుకున్నట్టుంది. అయినా నేను ఠీవిగా నిలబడి ఉపన్యాసం ఇచ్చాను.

"అలా చెయ్యకూడదు సార్. తొక్కేవాళ్ళకి తెలియకుండా బండిలో ఏదీ మార్చకూడదు. మీ బస్సు బ్రేకులు మీకు చెప్పకుండా ఎవరైనా మారిస్తే ఊరుకుంటారా?"

ఆయన తల దించుకున్నారు. "నిజమే బాబూ. ఏదో తండ్రిని కదా, అడిగాను. ఏమీ అనుకోకు," అని వెళ్ళిపోయారు.

ఆయన వీధి మలుపు తిరిగారు. సైకిల్ స్టాండు మీద వేలాడుతోంది. నేను గుడ్డ పెట్టి ఫోర్క్ తుడిచాను. కింద ఎర్ర నాబ్ దగ్గర చెయ్యి ఆగింది. ఫోర్క్ త్వరగా లేస్తే మనిషిని పైకి తన్నుతుంది, వీడియోలో చూశాను. నెమ్మదిగా లేస్తే తన్నదు. మెత్తగా ఉంటుంది. ఆమెకే మంచిది.

టిక్, టిక్, టిక్, టిక్.

ఎనిమిది కాస్తా నాలుగైంది. పదేళ్ళ అనుభవంలో నాకు తెలిసిన ఇంకో సగాన్ని ఆ క్షణంలో కావాలనే మర్చిపోయాను. నెమ్మదిగా లేచే ఫోర్క్ ఒక్క మెట్టుకైతే మెత్తగానే ఉంటుంది. మూడు మెట్లు వెంటవెంటనే వస్తే, మొదటి దెబ్బ నుంచి లేవకముందే రెండోది తగులుతుంది, రెండోదాని నుంచి లేవకముందే మూడోది. ఫోర్క్ కిందే కుంగిపోతుంది. సైకిల్ ముక్కు నేలకి వంగుతుంది. ఈ సంగతి బాబాయ్ నాకు మొదటి ఏడే నేర్పాడు.

*

శనివారం ఆమె ఎప్పటిలా గంట కొట్టుకుంటూ రాలేదు. సైకిల్ నడిపించుకుంటూ వచ్చింది. మోచేతి దగ్గర చొక్కా చిరిగి ఉంది, లోపల రక్తం ఎండిపోయి ఉంది.

చేతిలో రెంచీ పక్కన పెట్టి లేచాను. "ఏమైంది?"

"మూడో మెట్టు. గడ్డిలో పడ్డాను కాబట్టి సరిపోయింది." సైకిల్ గోడకి ఆనించింది. "రింగు చూడండి. ఇంత పైకి ఎప్పుడూ రాలేదు. రెండు మెట్లకే ఫోర్క్ కిందకెళ్ళి అక్కడే ఉండిపోయింది. గాలి చూశాను, సరిగ్గానే ఉంది."

వంగి ఎర్ర నాబ్ పట్టుకుంది. బిగిస్తూ పైకే లెక్కపెట్టింది. "ఒకటి. రెండు. మూడు. నాలుగు." నాబ్ ఆగిపోయింది. నోట్‌బుక్ తీసి నా ముందు పెట్టింది. "ఇక్కడ ఎనిమిది ఉంది."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. బాబాయ్ నా మొహం చూశాడు, ఆమె మొహం చూశాడు, సంగతి అర్థమైపోయింది.

"కడిగేటప్పుడు గుడ్డ తగిలి తిరిగి ఉంటుందమ్మా. అప్పుడప్పుడూ జరుగుతుంది," అన్నాడు.

"అలా జరుగుతుందా?" అని ఆమె నన్నే అడిగింది.

తల ఊపితే చాలు. అక్కడితో అయిపోయేది. కానీ ఆ మోచెయ్యి నా కళ్ళ ముందే ఉంది, కళ్ళజోడు ఆమె ఇచ్చినదే.

"జరగదు. నేనే తిప్పాను," అన్నాను.

"ఎందుకు?"

"భయమేసి."

"పడేది ఎవరు? మీరా, నేనా?"

"మీరే."

"మరి కందకి లేని దురద కత్తిపీటకెందుకండీ?"

నా దగ్గర జవాబు ఉంది. కానీ చిరిగిన చొక్కా ముందు ఆ జవాబు చెప్పే మొహం నాకు లేదు.

"మీరు మరీ దూరం చూడకుండా ఉంటేనే మంచిదని, మీకు చెప్పకుండా నేను అద్దాలు మార్చి ఇస్తే ఎలా ఉంటుంది?" ఆమె గొంతు పెద్దది చెయ్యలేదు. చేసి ఉంటే బావుండేది. "నేను మెట్లు చూసుకున్నాను, నా కాళ్ళు చూసుకున్నాను, బ్రేకులు చూసుకున్నాను. దీన్నొక్కదాన్నే చూసుకోలేదు. మీరు చూశారు కదా అని."

"పోటీకి ఇంకా వారం ఉంది. నేను మళ్ళీ..."

"పోటీ లేదు. పడ్డాను. నాన్నకి ఇవాళే చెప్తాను."

సైకిల్ తీసుకుని వెళ్ళిపోయింది. బాబాయ్ చేతిలో పని పక్కన పెట్టాడు. ఆయన నవ్వకపోవడం నేను చూడటం అదే మొదటిసారి. "అడుసు తొక్కనేల, కాలు కడగనేలరా?" అన్నాడు. "తొక్కావు. వెళ్ళి కడుక్కో."

*

బస్సు డిపోలో ఆయన చిన్న ఇనప కడ్డీతో టైర్లు కొట్టి చూసుకుంటున్నారు. నన్ను చూసి కడ్డీ దించారు.

"సార్, అమ్మాయి మీకేమైనా చెప్పిందా?"

"లేదు. పొద్దుటి నుంచి నేను డ్యూటీలో ఉన్నా. ఏం?"

"ఇవాళ తను పడింది. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి గీరుకుంది. కానీ అది తను పడటం కాదు సార్. నేను పడేశాను."

అంతా చెప్పాను. ఆయన నన్ను పైనుంచి కిందకి చూశారు.

"నేనడిగినప్పుడు పెద్ద ఉపన్యాసం ఇచ్చావుగా?"

"ఇచ్చాను సార్."

"నేను వెళ్ళాక తిప్పావా?"

"మీరు మలుపు తిరగగానే."

"ఎందుకు?"

"మీరు ఎందుకు భయపడ్డారో నేనూ అందుకే భయపడ్డాను సార్."

"నేను తండ్రిని. నువ్వెవరు?"

"అదింకా తేలలేదు సార్."

ఆయన మొహంలో కోపం వచ్చినట్టే వచ్చి, ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయింది. బస్సు బయలుదేరే గంట మోగింది. "ఎక్కు," అన్నారు.

డ్రైవరు వెనక సీటులో కూర్చున్నాను. బస్సు ఊళ్ళో సగం దూరం వెళ్ళింది. నిజంగానే కుదుపు తెలియలేదు. గుంట వస్తే ముందే తగ్గించి, పక్కకి జరిపి, పసిపిల్లని పడుకోబెట్టినంత జాగ్రత్తగా దాటించారు.

"ఏం చేస్తే పడకుండా ఉండేది?" అన్నారు ఉన్నట్టుండి.

"ఏమీ చెయ్యకుండా ఉంటే సార్. తను పెట్టుకున్నది పెట్టుకున్నట్టు ఉంచితే. దెబ్బ తగలగానే దిగడం, వెంటనే లేవడం, ఫోర్క్ పని అదే. నేను దాన్ని లేవనివ్వలేదు."

ఆయన అద్దంలోంచి నన్ను చూశారు. "బిగించమని మొదట అడిగింది నేనే కదా. నీ బుర్రలో ఆ పురుగు పెట్టింది నేనేమో."

"కాదు సార్. తను పోయినేడు పడిన వీడియో చూసినప్పుడే దూరింది."

తర్వాతి స్టాపులో ఆపారు. "దిగు. ఇక్కణ్ణుంచి నడిచి వెళ్ళు, బుద్ధొస్తుంది," అన్నారు. నేను దిగాక కిటికీలోంచి తల బయటపెట్టి, "తనకి నేను చెప్తాలే," అన్నారు.

*

ఐదు రోజులు ఆమె రాలేదు. పోటీకి ముందురోజు పొద్దున్నే వచ్చింది. సైకిల్ దింపి, చేతులు కట్టుకుని నిలబడింది.

"మొన్నటిది లెక్కలోకి రాదట. రేపటిదే లెక్క అన్నారు నాన్న. ఆయన మిమ్మల్ని ఏం అడిగారో కూడా చెప్పారు. పాపం, రెండు రోజులు నా మొహం చూడలేదు."

"నన్ను తిట్టండి. ఆయన్ని వదిలెయ్యండి."

"మీ వంతు తర్వాత. ముందు పని. మీ షాపు వెనక సందులో మెట్లున్నాయి కదా, మూడో నాలుగో?"

"నాలుగు."

"మీరు నాబ్ తిప్పండి. ఎటు తిప్పారో, ఎన్ని తిప్పారో నాకు చెప్పకండి. నేను మెట్లు దిగి వస్తాను. మొదటిదా, రెండోదా, రెండూ ఒకేలా ఉన్నాయా, అది నేను చెప్తాను."

నేను నాబ్ వైపు చూశాను. "మళ్ళీ నా చేతికే ఇస్తున్నారా?"

"అబద్ధం చెప్పే అవకాశం మీ బాబాయ్ గారు పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. మీరు తీసుకోలేదు. అందుకే ఇస్తున్నాను." సైకిల్‌ని నా వైపు తోసింది. "ఈసారి తిప్పేది నా కోసం తిప్పండి, కత్తిపీట గారూ."

పేరు స్థిరపడిపోయింది. లోపల బాబాయ్ నవ్వు వినిపించింది, ప్రాణం లేచొచ్చింది.

గంటన్నర పట్టింది. ఆమె దిగడం, సైకిల్ ఎత్తుకుని మెట్లెక్కి రావడం, నేను కూర్చుని తిప్పడం. "మొదటిది." "రెండోది." "మళ్ళీ మొదటిది చూపించండి." ఆమె దిగుతుంటే ప్రతిసారీ నా అరచేతులు చెమట పట్టాయి. ఆ చెమట నా సొంత వ్యవహారం, నాబ్‌కి దాంతో పని లేదు. చివరికి, "ఇదే. ఇంకేం మార్చొద్దు," అంది. బిగించి లెక్కపెట్టాను. తొమ్మిది. నేను ఎప్పటికీ ధైర్యం చెయ్యని అంకె. ఆమె నోట్‌బుక్‌లో రాసుకుంది.

*

పోటీ రోజు పొద్దున సన్నగా తుంపర పడి ఆగింది. రాళ్ళు తడిగా మెరుస్తున్నాయి. నేనూ వాళ్ళ నాన్నా మూడు మెట్ల కింద తాడు పక్కన నిలబడ్డాం. ఆయన ఖాకీ చొక్కాలోనే వచ్చారు. డ్యూటీ మధ్యాహ్నం నుంచట.

ఒక్కొక్కరే దిగుతున్నారు. కొందరు దిగి నడిచారు. ఒకతను పడి, లేచి, నవ్వుతూ వెళ్ళాడు. వాళ్ళ నాన్న నా మోచెయ్యి పట్టుకున్నారు, నాకు తెలిసింది, ఆయనకే తెలియలేదు.

ఆమె హెల్మెట్ పైన మలుపులో కనిపించింది. పక్కన ఆయన కుడి కాలు నేలని గట్టిగా నొక్కడం చూశాను. అక్కడ బ్రేకు లేదు, మట్టే ఉంది.

మొదటి మెట్టు. ఫోర్క్ దిగింది, లేచింది. రెండో మెట్టు. దిగింది, లేచింది. మూడో మెట్టు మీద వెనక చక్రం తడి రాయి మీద కాస్త పక్కకి జారింది. నా మోచేతి మీద ఆయన వేళ్ళు బిగుసుకున్నాయి. ఆమె కాలు పెడల్ మీంచి కదల్లేదు. ముందు చక్రం నేల తాకింది, ఫోర్క్ లోతుగా దిగి నిటారుగా లేచింది, ఆమె మా ముందు నుంచి బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. మమ్మల్ని చూసిందో లేదో కూడా తెలియదు.

"దిగిందా?" అన్నారు ఆయన. కళ్ళు మూసుకుని ఉన్నారు.

"దిగింది సార్."

"కాలు పెట్టిందా?"

"పెట్టలేదు."

ఆయన నా చెయ్యి వదిలి, పెన్ను ఉన్న జేబు తడుముకుని, రుమాలు తీసుకుని మొహం తుడుచుకున్నారు. చాలాసేపు తుడుచుకున్నారు.

ఇరవై రెండు మందిలో ఆమె పద్నాలుగో స్థానం. మేం కిందకి వెళ్ళేసరికి గడ్డిలో సైకిల్ పక్కన నిలబడి నీళ్ళు తాగుతోంది. మొహమంతా బురద చుక్కలు. నన్ను చూడగానే ఫోర్క్ చూపించింది.

"రింగు చూడు."

నన్ను 'నువ్వు' అనడం అదే మొదలు. వంగి చూశాను. రింగు దాదాపు పైదాకా వచ్చి, గోరంత దూరంలో ఆగింది. ఫోర్క్ ఉన్నదంతా వాడుకుని, ఇంకొంచెం మిగుల్చుకుంది. ఇంతకన్నా బాగా కుదిరిన ఫోర్క్ నా చేతుల మీదుగా ఎప్పుడూ వెళ్ళలేదు.

లేచి నిలబడ్డాను. "ఆ రోజు నాబ్ ఎందుకు తిప్పానని అడిగావు కదా. సగమే చెప్పాను."

"మిగతా సగం?"

"నువ్వంటే ఇష్టం. కళ్ళజోడు రాకముందు నుంచే. భయం ఇప్పుడూ ఉంది, ఇందాక చచ్చేంత వేసింది. ఇకమీదట అది నా దగ్గరే ఉంచుకుంటాను, నీ సైకిల్‌లో పెట్టను."

ఆమె నీళ్ళ సీసా మూత పెట్టింది. కనుబొమ్మ చివరి మచ్చ బురదలో కనిపించడం లేదు. అది ఎక్కడుంటుందో నాకు తెలుసు.

"కళ్ళజోడు సరిగ్గా పెట్టుకో," అంది.

పెట్టుకున్నాను. ఆమె ముందుకి వచ్చి, హ్యాండిల్ వెడల్పంత దూరంలో నిలబడింది.

"ఇది బావుందా?"

తర్వాత మూడడుగులు వెనక్కి వేసింది.

"ఇది బావుందా?"

"మొదటిది."

"తొందరేం లేదు. మళ్ళీ చూపించనా?"

"చూపించు. అయినా మొదటిదే."

ఆమె మొదటి చోటికి వచ్చి నిలబడింది. ఈసారి వెనక్కి వెళ్ళలేదు.

పక్కన ఎవరో దగ్గారు. వాళ్ళ నాన్న ఉన్న సంగతే మర్చిపోయాం. నేను గబుక్కున వెనక్కి జరగబోయాను, ఆమె నా చొక్కా చెయ్యి పట్టుకుని జరగనివ్వలేదు.

"నాన్నా, నువ్వు చెప్పు. మొదటిదా, రెండోదా? లేకపోతే నీకు రెండూ ఒకేలా ఉన్నాయా?"

ఆయన మా ఇద్దరినీ చూశారు. మధ్యలో ఉన్న సైకిల్‌ని చూశారు. వంగి ఎర్ర నాబ్‌ని వేలితో ముట్టుకోబోయి, మనసు మార్చుకుని, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"నన్నెందుకమ్మా అడుగుతావు? చూసేది నీ కళ్ళు," అన్నారు. మళ్ళీ రుమాలు తీశారు. "నాకైతే మొదటిదే బావుంది."